ఇండ్ల ఆటలు నడుస్తయా?

మా సూగురేశ్ మామ ఎవరినో ఒకరిని అడగకుండా ఏ పనీ చెయ్యడు. ఎక్కువ చేసి చెబుతున్నానని అనుమానమున్నవాళ్ళు రాయచూరు బజారులో ఆయన దారాలు, గుండీల దుకాణం ముందు పావుగంట నిలబడితే చాలు. చాయ్ తెచ్చినతన్ని "ఇప్పుడే తాగాల్నా, జర సల్లారినంక తాగాల్నా" అని అడుగుతాడు. నీలం దారం కొంటున్న ఆమెను, పక్కనామె రైకకు ఏ గుండీలు నప్పుతాయో అడుగుతాడు. ఒకసారి నల్ల చెప్పులా, గోధుమరంగు చెప్పులా అన్నది తేలక, కాలికొకటి వేసుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాడు. నాలుగో రోజు చెప్పుల దుకాణం ఆయనే విసిగిపోయి, "అన్నా, రెండు జతలూ నువ్వే ఉంచుకో. గాని నన్ను మాత్రం అడగకు" అన్నాడట.

అలాంటి మనిషి చేతిలో మా అమ్మ నా ల్యాప్‌టాప్ పెట్టింది.

నాకు ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ల్యాప్‌టాప్ కొందామని నాన్న అన్నాడు, సరేనని నేనన్నాను. నాన్న పత్తి వ్యాపారంలో మునిగి ఉండటం వల్ల అమ్మ తన తమ్ముణ్ణి పిలిపించి, నాన్న ఇచ్చిన డబ్బు చేతికిచ్చి పని అప్పజెప్పింది. నేను మామను గుమ్మం బయటికి లాక్కెళ్ళాను.

"మామా, చదువుకే తీసుకుందాం. గాని అప్పుడప్పుడు చిన్న చిన్న ఆటలు ఆడుకోనీకి గూడ పనికిరావాలె. అమ్మకు చెప్పకు. తెలిస్తే అసలు కొననియ్యది."

"నేనెందుకు చెప్త నవ్యా" అన్నాడు మామ.

స్టేషన్ రోడ్డులో ల్యాప్‌టాప్‌లు అమ్మే ప్రమోద్ దగ్గరికి వెళ్ళాం. ప్రమోద్ ఒకటి తీసి మూత తెరిచాడు. "ఇది స్టూడెంట్ల కోసమే అన్నా. బరువు తక్కువ. బడ్జెట్ల వస్తది. క్యాజువల్ గేమింగ్ గూడ నడుస్తది."

"క్యాజువల్ అంటే?"

"అంటే, ఊకెనే, టైంపాస్‌కు ఆడేది."

"ఊకెనే ఆడని ఆట ఏముంటది?"

ప్రమోద్ మూత సగం మూసి మళ్ళీ తెరిచాడు. "గట్ల గాదన్నా. పెద్ద ఆటలకు వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండాలె. ఈ ల్యాప్‌టాప్ ఉన్నది చూడు, ఇండ్ల అది లేదు. చిన్న ఆటలు మంచిగ నడుస్తయి. పెద్దవి గూడ నడుస్తయి, గాని నడవవు."

"నడుస్తయా, నడవవా?"

"ఆగి ఆగి నడుస్తయి."

"నా స్కూటర్ లెక్కన" అని మామ నాకు వివరించాడు. ప్రమోద్‌కు ధైర్యం వచ్చింది. "ర్యామ్ ఎనిమిదున్నది. పదహారు చేయించుకుంటే ఇంకా మంచిగుంటది" అన్నాడు.

"మంచిది. ఒకరిద్దర్ని అడిగొస్తం" అన్నాడు మామ.

మొదట యరమరస్ వెళ్ళాం. అక్కడ గోవిందప్ప తాత అని, కరెంటు ప్లాంటులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు. ల్యాప్‌టాప్ అన్నది ఆయన జన్మలో వాడలేదు. మామ ఎంతో వినయంగా, "గోవిందప్పన్నా, ఇండ్ల ఆటలు నడుస్తయా?" అని ప్రమోద్ ఇచ్చిన రంగుల కాగితం చేతికిచ్చాడు.

తాత దాన్ని రెండు వైపులా చదివాడు. ఇంకో కాగితం తెప్పించి బాయిలర్ బొమ్మ గీశాడు. "నోడప్పా, జర చూడు, ఆట అంటే లోడు. లోడు ఎక్కితే వేడి. ఆ వేడి బయటికి పోవాలె. దీనికి గాలి యాడనుంచి వస్తది?"

"కిందినుంచి అంటున్నరు."

"పిల్ల దీన్ని పరుపు మీద పెట్టుకొని ఆడుతది. అప్పుడేం గావాలె?"

మామ, నేను తప్పుచేసిన వాళ్ళలా తలలు వంచుకున్నాం. గంటన్నర తర్వాత తేలిందేమిటంటే, గట్టి బల్ల మీద పెట్టుకుని ఆడొచ్చు, కానీ ఆయన ఇంకొంచెం ఆలోచించి చెబుతాడు. అలా ఆలోచించింది వినడానికి మరో రెండుసార్లు వెళ్ళాం. చివరిసారి వెళ్ళేసరికి తాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏదో పెళ్ళికి బయల్దేరుతున్నాడనుకున్నాను.

తర్వాత యరగేర అనే పల్లె. అక్కడ మామకు దూరపు మేనత్త యంకవ్వ ఉంది. ఎనభై దాటాయి.

"అత్తా, ల్యాప్‌టాప్ కొనాలె. ఇండ్ల ఆటలు నడుస్తయా?"

"ఆడేదెవరు?"

"మన నవ్య."

"పిల్ల ఆడితే డబ్బాకేం నొప్పి?"

"డబ్బా అలిసిపోతది అంటున్నరు అత్తా. వేడెక్కుతదట."

"అలిసిపోతే జరసేపు పండబెట్టుండ్రి. ఎద్దునైనా గట్లనే చూస్తం గదా" అంది యంకవ్వ. దారి పొడుగునా మామ ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. "చూసినవా, గోవిందప్పన్న గంటన్నర చెప్పింది ఈమె ఒక్క మాటల చెప్పింది."

ఈలోగా నేను మూడు భాషల్లో వీడియోలు చూశాను. ఒకాయన సెకనుకు ముప్ఫై ఫ్రేములు చాలన్నాడు. ఒకామె అరవై లేకపోతే కళ్ళు పోతాయంది. ఇంకొకాయన ముందు ఏ ఆట ఆడాలో తేల్చుకొమ్మన్నాడు. అది కూడా నాకు గుర్తులేకుండా పోయింది. కాలేజీ తెరిచారు. వచ్చే వారం ల్యాబ్‌కు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. నా దగ్గర మాత్రం బాయిలర్ బొమ్మలు మూడున్నాయి.

మామ మాట తప్పేవాడు కాదు. నా రహస్యం అమ్మకు చెప్పలేదు. అడిగాడు.

"అక్కా, ఇండ్ల ఆటలు నడుస్తయా?"

అమ్మ చపాతీ పిండి కలుపుతోంది. చెయ్యి ఆగిపోయింది. "ఏం ఆటలు?"

"మన నవ్య ఆడుకునేటివి."

అమ్మ నా వైపు చూసిన చూపును ఇక్కడ రాయను. "అయితే ల్యాప్‌టాపే వద్దు" అంది. మామ కంగారు పడలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు. "వద్దంటే వద్దు. గాని నువ్వు సోంచాయించి చెప్పక్కా. పిల్ల దినానికి ఎంతసేపు ఆడితే చదువు పాడుగాదు? నాకు తెలుస్తలేదు, నువ్వే చెప్పాలె."

అమ్మ రెండు రోజులు ఆలోచించింది. వంట చేస్తూ నన్ను ప్రశ్నలడిగింది, ఏం ఆట, ఎవరితో, గెలిస్తే ఏమొస్తుంది అని. మూడో రోజు తీర్పు చెప్పింది: చదువయ్యాక అరగంట, ఆదివారం గంట. కొనొచ్చు.

ఈ తీర్పును కూడా మామ ఎవరికైనా చూపించి అడుగుతాడేమోనని భయమేసి, నేనొక్కదాన్నే ప్రమోద్ దగ్గరికి పరుగెత్తాను. ఆ ల్యాప్‌టాప్ ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టమన్నాను.

ప్రమోద్ తెల్లబోయాడు. "ఏంది పెట్టేది? మీరిద్దరు వచ్చిపోయిన సాయంత్రమే మీ మామ తీసుకపోయిండు గదా. ఈడనే కూసొని గంటసేపు కార్ల రేసు ఆడి చూసిండు. నాలుగుసార్లు గోడకు గుద్దిండు. ర్యామ్ గూడ ఇంకొకటి వేయించిండు."

"ఎవరినీ అడగలేదా?"

"ఒక్కరిని అడగలే. నేనే పరేషాన్ అయిన."

మామ దుకాణానికి వెళ్ళాను. గుండీల డబ్బాల వెనక కొత్త ల్యాప్‌టాప్ సంచి కనిపించింది. పన్నెండు రోజులుగా అక్కడే ఉంది. మామ దొంగతనం బయటపడ్డవాడిలా నవ్వాడు.

"కొన్నంక ఎందుకడిగినవ్ మామా ఇంతమందిని?"

మామ దారపు ఉండ ఒకటి తీసి చుట్టసాగాడు. "గోవిందప్పన్న ప్లాంట్ల ఉన్నప్పుడు దినానికి వందమంది అడుగుతుండ్రి ఆయన్ని. ఇప్పుడు ఇంట్ల ఫ్యాను ఎంతమీద పెట్టాల్నో గూడ ఎవరడుగుతలేరు. మొన్న చూడు, మనం వస్తమని ఇస్త్రీ అంగీ తొడిగిండు."

"యంకవ్వ?"

"ఆమె కోడలు మంచిది. అన్నీ తనే చూసుకుంటది. అత్తను అడగనీకి ఏమీ మిగల్లే."

"మరి అమ్మను ఎందుకు ఇరికించినవ్?"

"కొందామని మీ నాయిన అన్నడు. సరేనని నువ్వన్నవ్. మా అక్కను అడిగిందెవరు?"

అందరినీ అడిగి నన్నెందుకు అడగలేదని కొంచెం అలిగాను. "నిన్ను అడగకున్నా చెప్తనే ఉంటివి గదా" అన్నాడు మామ.

ల్యాప్‌టాప్ బాగుంది. చిన్న ఆటలు హాయిగా నడుస్తాయి. కార్ల రేసు కూడా, బొమ్మ నాణ్యత తగ్గించుకుంటే నడుస్తుంది, కాకపోతే లోపలి ఫ్యాను గట్టిగా రొద చేస్తుంది. అది మామూలేనని నెట్‌లో ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. అయినా ఆ ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని యరమరస్ బస్సెక్కాను.

"తాతా, ఈ చప్పుడేందో నాకర్థమైతలేదు. మీరే చూడాలె."

గోవిందప్ప తాత ఇంట్లో టీవీ ఆపించాడు. కళ్ళు మూసుకుని, ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి రెండు నిమిషాలు విన్నాడు. "భయం లేదు. గాలి మంచిగ లాగుతాంది" అన్నాడు. తర్వాత కాగితం, పెన్ను తెప్పించి, "గాని ఎందుకు లాగుతదో తెలియాల్నంటే మొదటినుంచి చెప్పాలె. టైమున్నదా నీకు?"

నాలుగింటికి నా స్నేహితురాలు ఆన్‌లైన్ ఆటకు వస్తానంది. అప్పటికే మూడున్నర.

"మస్తున్నది తాతా" అని ఆమెకు రేపు ఆడదామని మెసేజ్ పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.