గుండుతో కరాచీకి

మా అవ్వ, అంటే అమ్మ, పోయిన పదో రోజున గుండు గీయించుకున్నాను. పన్నెండో రోజున పాకిస్తాన్ వీసా వచ్చింది. ఆర్నెల్లు ఎదురుచూసిన కాగితం అది. చింపి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

ఖాదర్ కరీంనగర్‌లో మా పక్కింటివాడు. వాడు పుట్టిన రోజే వాళ్లమ్మ చనిపోతే, ఆరు నెలల నాతోపాటు వాడికీ మా అవ్వే పాలిచ్చింది. పోలీసు చర్య తర్వాత చిన్నాన్న వెంట కరాచీ వెళ్లిపోయాడు. పన్నెండేళ్లుగా అవ్వది ఒకటే మాట: "గా పోరగాన్ని ఒక్కసారి తోల్కరా బిడ్డా." నేనే వెళ్లి తీసుకొస్తానని రాశాను. "తయారుగున్న అన్నా, అవ్వకు చెప్పు" అని జవాబు వచ్చింది. ఆ జవాబుకు అవ్వ లేదని రాయడానికి నాకు చేతులు రాలేదు. వస్తున్న రోజు మాత్రం తంతి కొట్టి, ఆ మాట నోటితోనే చెబుదామని బయల్దేరాను.

పెద్దపల్లిలో రైలెక్కి, ఢిల్లీ, అమృత్‌సర్ మీదుగా నాలుగో రోజుకు లాహోర్ చేరాను. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి కరాచీ బండి. మూడో తరగతి పెట్టె. వెళ్లేవాళ్లకు ఒక మాట: నీళ్ల కూజా లాహోర్‌లోనే కొనుక్కోండి, ముల్తాన్ దాటాక దుమ్మే తాగాలి. దారి పొడుగునా పత్తిచేలు. మా ఆదిలాబాద్ వైపు పోతున్నట్టే ఉంది.

పదకొండు దాటాక ఉక్క భరించలేక టోపీ తీశాను. నిజాం రోజుల్లో బడిపంతులుగా కుట్టించుకున్న షేర్వాణీ వేసుకున్నానేమో, ఎదుటి ముసలాయన నా గుండు చూసి గబుక్కున రెండు చేతులూ పట్టుకున్నాడు. "హజ్ ముబారక్, హాజీ సాబ్!"

హజ్‌కు వెళ్లినవాళ్లు అక్కడ గుండు చేయించుకుని తిరిగొస్తున్న రోజులవి. కాదంటే మరి గుండెందుకని అడుగుతాడు. ఖాదర్‌కు చెప్పకముందే ముక్కూమొహం తెలియనివాడికి అవ్వ పోయిందని ఎట్లా చెప్పను? తల ఊపాను. అంతే, పెట్టె మొత్తానికీ హాజీనైపోయాను. ఒకాయన టీ తాగించాడు. ముల్తాన్‌లో ఒకామె రొట్టె చేతిలో పెట్టి, జబ్బుతో ఉన్న కొడుకు కోసం దువా చెయ్యమంది. సిగ్గుతో చచ్చిపోయాను.

తెల్లవారి కళ్లు తెరిచేసరికి "హైదరాబాద్" అని బోర్డు కనిపించింది. దిగబోయి సంచీ అందుకున్నాను. తీరా అది సింధువాళ్ల హైదరాబాదు. అక్కడే టోపీ మళ్లీ పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లి, వాడు ఇంత తిన్నాక నెమ్మదిగా చెప్పాలని నా ఆలోచన.

ఎనిమిదిన్నరకు కరాచీ. ఖాదర్ చంకలో పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు. "అవ్వకు నీలం అంచు చీర తీస్కున్న అన్నా, మంచిగుంటదా?" అంటూ కౌగిలించుకున్నాడు. వాడి చెయ్యి నా తల వెనక, టోపీ కిందికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇరవై రోజులైంది."

ప్లాట్‌ఫారం మీదే కూలబడ్డాడు. "ఒక్క ముక్క రాయొద్దా అన్నా! టికెట్ గూడ తీస్కుంటి" అని నన్ను తిట్టాడు, ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే మంగలి దగ్గరికి వెళ్లి గుండు చేయించుకొచ్చాడు. "నేను గూడ తాగిన గదా గా పాలు" అన్నాడు.

అవ్వ లేని ఇంటికి రాలేనన్నాడు. ఎనిమిదో రోజు నేనొక్కణ్నే తిరుగుబండి ఎక్కాను. ఖాదర్ కిటికీ బయట నిలబడ్డాడు. నా పక్కాయన మా ఇద్దరినీ చూసి, "ఇద్దరు హాజీలు! ముబారక్!" అన్నాడు. నేను అలవాటుగా తల ఊపబోయాను. ఖాదర్ ఊపనివ్వలేదు.

"కాదు సాబ్," అన్నాడు ఉర్దూలో, "మా అమ్మ పోయింది."

ఆయన లేచి కిటికీ పక్క చోటు నాకిచ్చాడు. బండి కదిలేటప్పుడు ఖాదర్ చీర పొట్లం నా ఒళ్లో పెట్టాడు. లాహోర్ దాకా నన్నెవరూ హాజీ అనలేదు.

పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సెక్కాను. కండక్టర్ టికెట్ చింపుతూ, అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న నా తల వంక చూశాడు.

"ఎవలు పోయిండ్రు సారూ?"

"అవ్వ."

"అయ్యో. కొడుకులెందరు?"

"ఇద్దరం" అన్నాను.