టైలర్ కోసిన నారు

టైలర్ తోట ఎందుకు వదిలేశాడో జనం చెప్పుకుంటున్న దాంట్లో సగమే నిజం. పక్కవాళ్ళ మడుల్లో నారు కత్తెరతో కోశాడన్నది నిజమే, పక్క మడి బస్సు డ్రైవర్ కళ్ళారా చూశాడు. కడుపుమంటతో కోశాడన్నది మాత్రం పచ్చి అబద్ధం. కుళ్ళుకోవడం చేతనైన మనిషైతే ఆయన బతుకు ఇంకోలా ఉండేది. ఊళ్ళో పెళ్ళికొడుకులందరికీ సూట్లు కుట్టి, తను మోచేతుల దగ్గర మాసికలు వేసిన చొక్కాతో తిరిగినవాడు ఆయన.

సంగతంతా అర్థం కావాలంటే ముందు వాళ్ళావిడ గురించి చెప్పాలి.

బస్సు డిపో వెనక గోడ పక్కన అద్దెకిచ్చే మడులున్నాయి. ఒక్కోటి ఒక గదంత ఉంటుంది. అందరికీ కుళాయి ఒకటే. దాని చుట్టూ తిరగేసిన పెయింటు డబ్బాలు, వాటి మీద కూర్చుని కబుర్లు. కంటిచూపు తగ్గి షాపు మూసేశాక టైలర్, ఆయన భార్య అక్కడో మడి తీసుకున్నారు. షాపున్నన్నాళ్ళూ ఆయన గుడ్డ కత్తిరించి మిషను తొక్కితే, ఆవిడ కాజాలు తీసి, గుండీలు కుట్టి, అంచులు మడిచేది. సూది పట్టిన చెయ్యి కదా, కలుపు తీయడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. దారిన పోతూ పోతూ ఎవరి మడి అని చూడకుండా వంగేది, గడ్డిపోచ మొదలంటా పట్టుకుని వేరు తెగకుండా లాగేది, మట్టి దులిపి, వేర్లన్నీ ఒకవైపుకి సర్ది, చిన్న చిన్న కట్టలుగా గట్టు మీద పెట్టేది. అందుకే అందరికీ కలుపక్క అయింది.

"అక్కా, మా ఇంట్లో కూడా కాస్త కలుపుంది, వచ్చి పీకిపోదూ!" అనేవాడు డ్రైవర్.

"మీ ఆవిడ్ని అడిగొస్తా ఉండు. ముందు నిన్నే పీకమంటుంది."

డబ్బాల మీద కూర్చున్నవాళ్ళంతా విరగబడి నవ్వేవాళ్ళు. టైలర్ నవ్వేవాడు కాదు. మా ఆవిడ ఎంత బాగా చెప్పిందో చూశారా అన్నట్టు ఒక్కొక్కరి మొహం చూసేవాడు.

ఆ ఏడాది చలి తొందరగా పోయింది. పొద్దున్నే మంచు, పదింటికల్లా వెచ్చటి ఎండ. మొలకలన్నీ పోటీలు పడి లేచాయి. అలాంటి పొద్దున ఒకటి, టైలర్ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ గట్టు మీద కూర్చుని చేతులు దులుపుకుంటోంది.

"ఎంత కలుపు పట్టిందో చూడండి. రోజూ వస్తారు, కళ్ళు ఎక్కడ పెట్టుకుంటారో!"

ఆయన వంగి చూశాడు. కట్టలు ఎప్పటిలాగే పొందిగ్గా ఉన్నాయి. కానీ ఉన్నది గడ్డి కాదు. వాళ్ళ క్యారెట్ మొలకలు, సాలుకి సాలే. పక్కన అసలు గడ్డి దర్జాగా నిలబడి ఉంది. ఆవిడ దాని చుట్టూ మట్టి కూడా ఎగదోసింది.

"బాగా తీశావే," అన్నాడు.

ఇంటి దగ్గర తేడా అంతకుముందే కనబడింది. మూసేసిన షాపు తాళంచెవి కోసం బీరువా అంతా కిందా మీదా చేసేది. సాయంత్రమైతే గదిలోంచి గదిలోకి తిరుగుతూనే ఉండేది, కూర్చోమంటే ఏడ్చేది. డాక్టర్ చూసి, తగ్గే జబ్బు కాదు, అలవాటైన పనిలో ఉంచండి అన్నాడు. తోటలో అడుగుపెట్టగానే ఆ తిరుగుడు ఆగిపోయేది. మళ్ళీ జోకులు, మళ్ళీ ఆ పాత గొంతు. మందు బిళ్ళలు చేయలేనిది ఆ కాస్త మట్టి చేసేది. అది కూడా పోతే ఇంక ఆవిడని ఎలా ఆపాలో ఆయనకి తెలియదు.

పోయే ప్రమాదం ఉందని ఆయనకి బాగా తెలుసు. అంతకుముందు ఏడాది మతి తప్పిన ఒక పెద్దాయన బీన్స్ పందిళ్ళ మధ్య తొక్కుకుంటూ తిరిగితే, "పాపం, ఇంక తీసుకురాకమ్మా," అని ఆయన కోడలికి అంతా మెత్తగానే చెప్పారు. అప్పుడు తలూపినవాళ్ళలో టైలర్ కూడా ఉన్నాడు.

వారం తిరక్కుండా డ్రైవర్ టొమాటో నారు పోయింది. టైలర్ చూసేసరికి ఆవిడ కట్టలు కట్టేసి కుళాయి వైపు వెళ్తోంది. దూరంగా గేటు చప్పుడైంది. దారాలు తెంపే చిన్న కత్తెర ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది, షాపు మూసినా ఆ అలవాటు పోలేదు. మోకాళ్ళ మీద కూలబడి మొక్కలన్నిటికీ వేర్లు కత్తిరించాడు. వేర్లు జేబులో కుక్కుకున్నాడు, కాడలు ఎక్కడివక్కడ పడేశాడు. పైకి చూస్తే మొదలు కొరికే పురుగు రాత్రికి రాత్రి పని కానిచ్చి మట్టిలో దూరినట్టే ఉంది.

"పురుగు బావా, పురుగు," అన్నాడు. వచ్చింది డ్రైవరే. కాడ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. డ్రైవర్ దాన్ని జాలి అనుకున్నాడు.

అక్కడి నుంచి డబ్బాల మీద ఆ పురుగు కబుర్లే.

"చలి సరిగ్గా పడకపోతే ఇంతే. పురుగు చావదు," అన్నాడు డ్రైవర్.

"మా అత్తగారు నయం. ఆవిడ మొదలు కొరకదు, చివర్లు మాత్రం కొరుకుతుంది," అంది నర్సమ్మ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చేది.

"కోడలి చేతి వంట కొరకలేక అలా అలవాటు చేసుకుని ఉంటుంది," అన్నాడు డ్రైవర్.

"నీ టొమాటోలు ఎవడూ కొరక్కపోతే పురుగైనా కొరికిందని సంతోషించు!"

బూడిద చల్లమన్నారొకరు, మొదళ్ళకి కాగితం చుట్టమన్నారొకరు. అందరికంటే ఎక్కువ మండిపడింది కలుపక్కే. "పసిపిల్లల్లాంటి మొక్కలు. ఆ పురుగు నా చేతికి దొరకాలి, నలిపి పారేస్తాను," అని చీర చెంగు బిగించేది. టైలర్ ఖాళీ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు.

నర్సమ్మ వంగనారు పోయింది. టైలర్ భార్యని ఇంకా పెందలాడే తీసుకురావడం మొదలుపెట్టాడు. వెనకే ఉండేవాడు, చెయ్యి పట్టుకుంటే "నేనేమన్నా పారిపోతున్నానా!" అని విదిలించేది. ఎంత కాపలా కాసినా డబ్బా నీళ్ళు నిండేలోపు ఏదో ఒక సాలు ఖాళీ అయ్యేది.

అప్పుడు డ్రైవర్ ఒక రోజు అన్నాడు, "రేపు పురుగుమందు పెట్టేస్తున్నా. దాంట్లో తవుడు, బెల్లం కలిపి ఉండలు చేసి మొక్క మొక్కకీ పెడితే పురుగు వంశం నాశనం."

టైలర్ భార్య వైపు చూశాడు. కుట్టుపనిలో దారం కొస పెదవులతో తడిపి సూదిలోకి ఎక్కించిన మనిషి ఆవిడ. ఇప్పుడు చేతికి ఏం దొరికినా పెదవుల దగ్గరికే పోతోంది. బెల్లం వాసన తగిలితే చెప్పక్కర్లేదు.

"మందెందుకు బావా, పిల్లులూ పిట్టలూ తిరిగే చోటు. ఆగితే అదే పోతుంది."

"ఎక్కడికి పోతుంది, తీర్థయాత్రలకా? పురుగు మీద నీకంత ప్రేమేంటి? నీ మడి కూడా తినేసింది కదయ్యా!"

అసలు మాట ఒక్కటే ఉంది, అది చెబితే తోట పోతుంది. చెప్పకపోతే మనిషి పోతుంది. ఆ రాత్రి పడుకోలేదు. పొద్దున డ్రైవర్‌ని పక్కకి తీసుకెళ్ళి చెప్పేద్దామని నిశ్చయించుకునే వచ్చాడు.

కానీ ఆవిడ తోటలోకి వచ్చీ రాగానే డ్రైవర్ క్యాబేజీ నారు మీద పడింది. "ఆగవే, ఆగు," అంటుండగానే పీకేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఇన్నాళ్ళ అలవాటు, ఆయన చెయ్యి తనంతట తనే కత్తెర తీసింది. సగం కోశాడో లేదో, వెనక డ్రైవర్ నిలబడి ఉన్నాడు, చేతిలో తవుడు ఉండల డబ్బా.

"టైలర్! ఏం చేస్తున్నావ్?" డబ్బా కింద పెట్టాడు. "అంటే ఇన్నాళ్ళూ పురుగు... నువ్వా?"

చెప్పడానికి వచ్చిన మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. అందరి మడుల్లో కలుపు తీసిన మనిషి. ఆ మొహం చూస్తూ ఆవిడ ఎదుటే ఆ మాట అనడం ఆయన వల్ల కాలేదు.

"నేనే," అన్నాడు.

"ఎందుకు?"

"నీ మొక్కలు నా వాటికంటే బాగా వస్తున్నాయని."

డ్రైవర్ కొట్టలేదు, తిట్టలేదు. "ఛీ," అని ఒక్క మాట అన్నాడు. డబ్బా మూత పెట్టాడు. పురుగే లేనప్పుడు మందు దేనికి?

కానీ కలుపక్క ఆగలేదు. కిందపడ్డ కాడలు చూసింది, ఆయన చేతిలో కత్తెర చూసింది. "నువ్వా? నీకు చేతులెలా వచ్చాయి?" అంది. పెళ్ళైన దగ్గర్నుంచి ఏమండీ, మీరు అనే తప్ప పిలిచి ఎరగదు. మెడలు వేలాడుతున్న ఆ మొక్కల్ని ఏరి ఒళ్ళో పెట్టుకుని భోరుమని ఏడ్చింది.

మడి వదిలేసి, తోట గేటు తాళంచెవి ఆ రోజే ఇచ్చేశారు.

మతిమరుపు మనిషి కదా, రెండ్రోజుల్లో మర్చిపోతుందని ఆయన అనుకున్నాడు. అన్నం తిన్న సంగతి మర్చిపోయింది, వీధి పేరు మర్చిపోయింది, ఆ పొద్దున మాత్రం మర్చిపోలేదు. ఆయన అన్నం కలిపి పెడితే కంచం తోసేస్తుంది. "నారు కోసిన చెయ్యి," అంటుంది. పీకేసిన మొక్కల్నే తను కోశానని ఆయన ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఎవరు పీకారో చెప్పాలి.

తన దగ్గర అడిగి తీసుకెళ్ళిన నీళ్ళ గొట్టం తిరిగివ్వలేదని, పనిలో పనిగా నాలుగు దులిపేద్దామని నర్సమ్మ వాళ్ళింటికి వెళ్తే ఇదంతా బయటపడింది. కలుపక్క తలుపు తీసి, "మా ఆయన చేసిన పనికి తలెత్తుకోలేకపోతున్నానమ్మా," అని చేతులు పట్టుకుంది. వరండాలో వెడల్పాటి తొట్టె, దాంట్లోంచి ఆవిడ పీకేసిన మొలకలు, గట్టు మీదలాగే అంచున కట్టలు. టైలర్ గడ్డం మాసి, చిక్కి సగమై, ఆవిడ మళ్ళీ పీకడానికని పక్క తొట్టెలో విత్తనాలు జల్లుతున్నాడు. నర్సమ్మ ఆసుపత్రిలో రోజూ ఇలాంటివాళ్ళని చూసేదే, ఆ కట్టలు చూడగానే అర్థమైంది. గొట్టం సంగతి వదిలేసి కిందికి దిగింది. ఆయన గేటు దాకా వచ్చి, మెట్ల మీద కూర్చుని అంతా చెప్పాడు. "వాళ్ళకి చెప్పినా ఫర్వాలేదమ్మా. ఆవిడ చెవిన మాత్రం పడనివ్వకు."

డ్రైవర్‌కి తెలిసింది. ఆ ఇంటి మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాడు.

కాబట్టి మీరెవరైనా అటువైపు పోతే ఒకసారి చూసి రండి. మందుల షాపు పక్క సందు, రెండో అంతస్తు, ఎడమవైపు తలుపు. కలుపక్క మొగుడి మీద చాడీలు చెబుతుంది, ఊఁ కొట్టండి, ఎదురు చెప్పకండి. పురుగు మాట ఎత్తకండి. మీ చేతి అన్నమైతే తింటుంది, రెండు ముద్దలు పెట్టండి. మీరున్న ఆ గంటసేపు ఆయన్ని లోపలికి పొమ్మని కాస్త పడుకోమనండి.