శ్రీను వంతు చాయ్

ఆ రోజుల్లో నాకు చరిత్ర తెలిసినంతగా మనుషులు తెలియదు. కొలువొచ్చిన కొత్త. ఆలేరు దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ని తీసుకుపోయి కృష్ణ ఒడ్డున కొల్లాపూర్‌లో గుమాస్తాగా వేశారు. ఒంటి గది, ఒక చాప, గోడవారన కొత్త పుస్తకాలు, జేబులో ఫోను. ఆఫీసులో నన్ను 'తారీఖుల సారు' అనేవారు. (సెలవు చీటీ రాస్తూ ఎవరైనా "ఇయ్యాల తారీఖెంత?" అని అడిగితే, అది చెప్పి ఊరుకోకుండా, ఆ తారీఖున ఏ కోట ఎవరి చేతిలో పడిందో కూడా చెప్పేవాణ్ని. నెల తిరక్కుండా ఎవరి బల్ల మీద వాళ్లు క్యాలెండర్ పెట్టుకున్నారు.) అలా నాతో మాట్లాడేవాళ్లు కరువై, ఆదివారాలు గది తలుపేసుకుని చరిత్ర పాడ్‌కాస్ట్ పెట్టుకునేవాణ్ని.

ఊరికే వింటే బాగుండేది. నేను జవాబులు కూడా చెప్పేవాణ్ని. అప్పట్లో సంస్థానాల మీద కొత్తగా వచ్చిన ఒక లావుపాటి పుస్తకం చదువుతున్నాను. అందులో దొర తలపాగా పొడవెంతో ఉంది, దాన్ని నేసినవాడి ఊసు మాత్రం లేదు. పాడ్‌కాస్ట్‌లో చరిత్ర చెప్పే పెద్దాయనదీ అదే వరస. నాకు ఒళ్లు మండేది. "పాగా సంగతి సరే సారూ, మగ్గం మీద ఎవలు కూసున్నరో చెప్పు!" అని ఫోను మీద అరిచేవాణ్ని. (నిజానికి ఇది మా నాయిన ప్రశ్న. నేను ఏ పుస్తకం కొన్నానని చెప్పినా "అండ్ల మనోళ్ల ముచ్చట ఉన్నదా?" అనేవాడు.) పెద్దాయన తన ధోరణిలో తాను చెప్పుకుపోయేవాడు. అయినా ఆ ఊళ్లో నాతో గంటసేపు గడిపే మనిషి ఆయనొక్కడే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎపిసోడ్ చివరికొస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే ఇంటి అవ్వ. కూలికి పోయి కూడబెట్టి కట్టుకున్న ఇల్లు అది. ముందు భాగంలో తనొక్కతే ఉండేది, వెనక గది నాకు కిరాయికిచ్చింది. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు.

"దోస్తు వచ్చినట్టుండు గద బిడ్డా. పొద్దటిసంది ఒకటే తీరు కొట్లాడుతున్నరు. జర చాయ్ తాగి కొట్లాడుకోండ్రి" అంది.

ఫోనుతో కొట్లాడుతున్నానని ఎలా చెప్పను? "స్నానం చేస్తున్నడవ్వా" అనేసి, గ్లాసులు రెండూ అందుకుని తలుపు దగ్గరికి వేసేశాను. రెండు చాయ్‌లూ నేనే తాగాను. (రెండో గ్లాసు అంచుకు ఇంకో పక్కన నోరు పెట్టి తాగాను. సాక్ష్యం పక్కాగా ఉండాలని!)

మరుసటి ఆదివారం మళ్లీ రెండు గ్లాసులు. ఈసారి దోస్తు నిద్రపోతున్నాడు. ఆపై వారం పేరడిగితే శ్రీను అన్నాను. ఊరడిగితే కట్టంగూర్ అన్నాను. పెళ్లయిందా అంటే అయిందన్నాను, పిల్లలంటే ఇద్దరన్నాను. చరిత్రలో ఆధారం లేకుండా ఒక్క ముక్క రాసినా ఒప్పుకోనివాణ్ని, నెల రోజుల్లో ఒక మనిషికి సంసారం మొత్తం కట్టబెట్టాను. అవ్వ కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి, నా భుజం మీదుగా లోపలికి చూసి వెళ్లిపోయేది.

దసరా ముందు ఆదివారం రెండు పళ్లేల్లో గారెలు తెచ్చింది. "ఇయ్యాల శ్రీనును చూసే పోత" అంది. స్నానం, నిద్ర రెండూ ఎప్పుడో అయిపోయాయి. నాకు ఇంకే అబద్ధమూ తోచలేదు.

"శ్రీను లేడవ్వా. ఫోన్ల మాట్లాడెటాయనతోని నేనే కొట్లాడుతున్న. నాకు ఈడ దోస్తులెవ్వరు లేరు" అన్నాను.

అవ్వ నవ్వలేదు. "నాకెర్కలేదా? గడప ముంగట ఎప్పుడు జూసినా ఒక్క జత చెప్పులే ఉండె. నీ దోస్తు చెప్పులేసుకోనే తానం చేస్తడా?" అంది.

"మరి రెండు గ్లాసులెందుకు తెచ్చినవవ్వా?"

"ఒకటి నాకు బిడ్డా. లోపలికి రమ్మంటవనుకున్న."

నేసినవాడి పేరు రాయలేదని లోకమంతటినీ నిలదీసేవాణ్ని. గుమ్మంలో నిలబడ్డ మనిషిని మాత్రం కూర్చోమనలేదు. చాప దులిపి పరిచాను. గారెలు తింటూ అవ్వ పాడ్‌కాస్ట్ మొత్తం వింది. "గిన్ని చెప్తున్నడు గనీ, గీయనకు చాయ్ ఎవలిస్తరు బిడ్డా?" అని ఒక్కటే అడిగింది.

బదిలీ మీద నల్లగొండ వచ్చి చాలా రోజులైంది. అవ్వ ఇప్పుడు లేదు. చరిత్ర మీద మంచి పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కొన్నింటిలో మగ్గాల ముచ్చట కూడా ఉంటోంది. పాడ్‌కాస్టులకైతే లెక్కే లేదు. నేను ఇప్పటికీ ఫోనుతో కొట్లాడుతూనే ఉన్నాను. ఆదివారం పూట ఆ పని తలుపు తీసి పెట్టుకుని చేస్తాను. పక్కింటివాళ్లు నాకేదో అయిందనుకుని తమ తలుపేసుకుంటారు. నాకు నవ్వొస్తుంది. లేచి రెండు గ్లాసుల చాయ్ పెట్టుకుని, రెండూ నేనే తాగుతాను.