మూడో కౌంటర్ ముందు అరుగు

2024 వేసవి. మా డెల్టాకు దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో ఇంటర్నేషనల్ ప్రయాణికులు పెరుగుతున్నారని టెర్మినల్‌ను పెద్దది చేస్తున్నారు. అందులో కొత్త డిపార్చర్ హాలు డ్రాయింగులు నావి. నేను బందరు పిల్లను. మా నాన్నగారు గుమస్తా. కాగితం మీద ఉన్నదే ఖాయం అనుకునే ఇంట్లో పెరిగాను, ఆ గుణం నాకు కాస్త ఎక్కువే అబ్బింది.

హాలు తెరిచే ముందు ట్రయల్ రన్ చేస్తారు. అంటే మామూలు జనాన్ని పిలిచి, ఉత్తుత్తి టిక్కెట్లిచ్చి, నిజంగా విమానం ఎక్కబోతున్నట్టే లోపల నడిపిస్తారు. ఎక్కడ క్యూ ఆగిపోతే అక్కడ డ్రాయింగు తప్పన్నమాట. బంటుమిల్లి, గూడూరు వైపు నుంచి రెండు బస్సుల్లో జనాన్ని రప్పించాం. "నిజంగా ఊరెళ్తున్నట్టే సామాన్లు తెచ్చుకోండి" అని నేనే చెప్పాను. అదే నా కొంప ముంచింది.

అరగంట తిరక్కుండానే మూడో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర క్యూ ఆగిపోయింది. వెళ్ళి చూద్దును కదా, ఒకావిడ నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని సూట్‌కేసు విప్పారు. చుట్టూ ఆవకాయ సీసాలు, కందిపొడి ప్యాకెట్లు, చీరలు. బరువెక్కువైందని కౌంటర్లో వెనక్కిస్తే చేతిసంచిలోకి సర్దుకుంటున్నారు. ఆవిణ్ణి చూసి వెనకవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే కూలబడ్డారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇక్కడ కూర్చోకూడదండీ, ఇది దారి" అన్నాను.

"మరెక్కడ కూర్చోమంటారమ్మా?" అన్నారావిడ తలెత్తకుండానే.

సామాను సర్దుకునే చోటు మొదటి డ్రాయింగులో ఉండేది. ఇంకో రెండు బోర్డింగ్ పాస్ మిషన్లు పడతాయని దాన్ని కొట్టేసింది నేనే.

ఆవిడ పేరు సువార్తమ్మ గారు. గల్ఫ్‌లో ఒక ఇంట్లో వంట చేస్తారు, సెలవు మీద వచ్చారు. "ఇన్నేళ్ళూ హైదరాబాదు దాకా బస్సులో పోయి విమానం ఎక్కేదాన్నమ్మా. దిగేసరికి మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయేవి. ఈసారి ఇక్కణ్ణుంచే టిక్కెట్ తీశాను. మీ హాలు తెరుస్తారు కదా?" అని అడిగారు.

హాలు తెరిస్తేనే ఆవిడ టిక్కెట్ తీసిన కొత్త విమానం ఇక్కడికి వస్తుంది. ఆరోజు ట్రయల్ ఫెయిలైంది. రెండు వారాల్లో ఇంకో అవకాశం ఉంది, అదీ పోతే ఆవిడ మళ్ళీ బస్సెక్కాల్సిందే. తప్పు నాది, నొప్పి ఆవిడకి. నిజంగా సిగ్గేసింది.

పక్కనే నేలమీద కూర్చున్నాను. "సర్దుకోడానికి ఒక బల్ల వేయిస్తే సరిపోతుందాండీ?"

"బల్ల ఎందుకమ్మా? ఇంత పెట్టె పైకెవరెత్తుతారు? మా ఇంటిముందు అరుగంత ఎత్తు చాలు. పక్కనే ఒక కాటా పెట్టించండి, కౌంటర్లో పిల్లలచేత మాట పడక్కర్లేదు."

మర్నాడు మా పైఅధికారి దగ్గరికెళ్ళి ఆ రెండు మిషన్లూ తీసేద్దామన్నాను.

"పట్టుబట్టి పెట్టించింది నువ్వే కదమ్మా" అన్నారాయన.

"నేనేనండీ. తప్పు చేశాను."

ఆ మాట అనడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆయన ఒప్పుకున్నారు. మిషన్లు తీసేసిన చోట మిగిలిపోయిన గ్రానైటుతో మోకాలెత్తు అరుగు కట్టించాం, పక్కన కాటా పెట్టించాం. రెండో ట్రయల్‌లో క్యూ ఎక్కడా ఆగలేదు.

మొదటి విమానం రోజున కావాలనే వెళ్ళాను. సువార్తమ్మ గారు అరుగు మీద తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పెట్టె మాత్రం తెరవలేదు.

"సర్దుకోరా?" అన్నాను.

"ఈసారి మా ఊరి రైసుమిల్లు కాటా మీద తూచుకునే వచ్చానమ్మా. మీ ముందు మళ్ళీ పరువెందుకు పోగొట్టుకోవడం?"

నాకు నవ్వాగలేదు. ఇంతలో బిడ్డను చంకనేసుకున్న ఒకమ్మాయి కౌంటర్ ముందు నేలమీద కూలబడి బ్యాగు జిప్పు లాగబోయింది.

"అక్కడ కాదు తల్లీ, ఇటు రా. ఇది మనకోసమే కట్టారు" అంటూ సువార్తమ్మ గారు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు.

మేము డ్రాయింగులో ప్రయాణికుల్ని చుక్కలుగా పెడతాం. చుక్కలకు పచ్చడి సీసాలుండవు, మోకాళ్ళుండవు. ఇప్పుడు ఏ హాలు గీసినా ముందు జనం ఎక్కడ కూర్చుంటారో గీస్తాను. మిషన్ల సంగతి ఆ తర్వాతే.