మనసులో మాట వినే సార్

నా మొగుడు పోయాక జన్వాడలో కథలు రాసే సార్ ఇంట్లో వంటకు కుదిరాను. ఆయన మాటిమాటికీ కణతకు వేలు ఆనించి కళ్లు మూసుకునేవాడు.

"ఏం చేస్తున్నరు సార్?" అని అడిగాను.

"నా కథలో మహామాంత్రికులు వంద ఆమడల దూరం నుంచి మనసులతోనే మాట్లాడుకుంటారమ్మా. వింటున్నా."

నాకు గుబులు పుట్టింది. మనవరాలి పాలలోకని రోజూ గుప్పెడు చక్కెర కొంగున కట్టుకుపోతున్నాను. అదీ వింటున్నాడా?

ఒకరోజు చాయ్‌లో ఉప్పేసి ఇచ్చి, "తాగకుండ్రి సార్, ఉప్పున్నది!" అని మనసులోనే అరిచాను. మొహం చిట్లించకుండా అంతా తాగేశాడు. హమ్మయ్య, ఏమీ వినబడదు అనుకున్నాను.

సాయంత్రం వెళ్లేటప్పుడు చేతిలో చక్కెర పొట్లం పెట్టాడు. "మీ మనవరాలికమ్మా. రేపు నా చాయ్‌లో కూడా కాస్త వెయ్యి."

మనవరాలున్నదని నేనాయనకు ఎన్నడూ నోటితో చెప్పలేదు.