గేటు పక్కన బెంచీ

మనవరాలికి డే కేర్ చూద్దామని ఈ సాయంత్రం సీతాఫల్‌మండి వెళ్లాం. ఎనభై దాటిన మా అమ్మ కూడా వచ్చింది. నేను కెమెరాలు చూశాను, బొమ్మలు చూశాను, వంటింట్లో పప్పు రుచి కూడా చూశాను. అమ్మ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కడ పిల్లలకు మొహాలు కడిగి, పౌడర్ రాసి, బెంచీ మీద వరసగా కూర్చోబెట్టారు.

"ఈళ్లనెందుకు గిట్ల కూసోబెట్టిన్రు బిడ్డా?" అని ఆయాను అడిగింది.

"అమ్మానాన్నలొచ్చే టైమైంది కద పెద్దమ్మా."

"రాకపోతే?"

ఆయా నవ్వింది. "ఎందుకు రారు? జెర లేటైతది, గంతే."

అమ్మ నవ్వలేదు. 1948లో నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో, ఐదేళ్ల అమ్మను వాళ్ల నాన్న మెట్టుగూడలో తెలిసిన టీచరమ్మ ఇంట్లో వదిలి, సాయంత్రానికి వచ్చి తీసుకెళ్తానని ఊరికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. రోజూ పొద్దుగూకే వేళకు ఆ టీచరమ్మ అమ్మకు తల దువ్వి, పౌడర్ రాసి, అరుగు మీద కూర్చోబెట్టేదట. పెళ్లయ్యేదాకా అమ్మ ఆ ఇంట్లోనే పెరిగింది.

ఆటో ఎక్కాక మెల్లగా అంది: "పిల్లను ఈడనే వెయ్యిరా. ఆ బెంచీ మీద మాత్రం కూసోనియ్యకు. ఆడుకుంటుండంగనే తీస్కరా."

మీ ఇళ్లలో పిల్లల్ని తెచ్చే డ్యూటీ ఎవరిదో చెప్పండి. మా ఇంట్లో ఇక నాదే. రోజూ అందరికంటే ముందు వెళ్లి ఆ బెంచీ మీద నేనే కూర్చుంటాను. ఆయా పౌడర్ రాస్తానన్నా వద్దనను.