సీటు కింది వైరు

నా చిన్నప్పుడు నేను పెళ్లికొడుకులను పాదాలు చూసి గుర్తుపట్టేదాన్ని. వాళ్ల ముఖాలు నాకు తెలియవు. పారాణి పెట్టిన పాదాలు, కొత్త చెప్పులు కరిచి ఎర్రబడిన మడమలు, భయానికి ఒకదాన్నొకటి రుద్దుకునే బొటనవేళ్లు, ఇవే చూసేదాన్ని. ఎందుకంటే ఊరేగింపు కారులో వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, తెల్లదుప్పటి కప్పుకుని కూర్చునే పని నాది. ఆ పని నాకెలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్తాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, చుట్టు తిప్పి రాయడం నాకు రాదు.

మా ఇల్లు శాలిబండలో ఒక గల్లీ చివర ఉండేది. మా బాపు పెళ్లి కాకముందు నుంచీ ఒక నవాబుల బంగళాలో, దేవిడీ అంటారు, డ్రైవరు. ఆ దేవిడీ వాళ్లు ఉన్నదంతా అమ్ముకుని పాతబస్తీ వదిలిపోయేటప్పుడు, ఎవరూ కొనని ఒక ముసలి నల్ల కారును బాపుకు వదిలేసి పోయారు. గుండ్రటి లైట్లు, వంపు తిరిగిన మడ్‌గార్డులు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. బాపు దాన్ని కొబ్బరినూనె రాసి మరీ తుడిచేవాడు. ముందు బంతిపూలు, మీద మల్లెజాలి వేస్తే, అందులో ఎంత పీలగా ఉన్న పెళ్లికొడుకైనా దర్జాగా కనిపించేవాడు. లాల్‌దర్వాజా చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మా కారుకే వచ్చేవి. అమ్మ ఇంట్లో కూర్చుని లక్క గాజులకు అద్దాలు అతికేది. బాపు కారు, అమ్మ గాజులు, దాని మీదే మా ఇల్లు నడిచింది.

తర్వాత టేపు రికార్డర్ల కాలం వచ్చింది. అవతలి బస్తీలో ఒకాయన తన కారుకు టేపు పెట్టించాడు. అంతే, మా ఇంటికి బేరానికి వచ్చిన వాళ్లు కారును మెచ్చుకుని, చుట్టూ తిరిగి చూసి, చివరికి పాటలున్నాయా అని అడిగేవారు. లేవంటే మళ్లీ వస్తామని పోయేవారు. మళ్లీ ఎవరూ వచ్చేవారు కాదు. బాపు ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా కంచం ముందు అలాగే కూర్చుండిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి.

కొత్త టేపు కొనే తాహతు మాకు లేదు. బాపు పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజారులో వారాల తరబడి తిరిగి, ఏదో కారు నుంచి పీకిన టేపు ఒకటి తెచ్చాడు. దానికి బొత్తాము లేదు, పెన్సిలు ముక్కతో నొక్కాలి. మైకుసెట్టు దుకాణం మూసేసిన ఒకాయన దగ్గర పాత యాంప్లిఫయర్ తీసుకున్నాడు. స్పీకర్లు పాడుబడ్డ రేడియోలవి. వాటిని చూసి మా గల్లీ మొదట్లో రేడియో రిపేరు చేసే ఉస్తాద్ పడీపడీ నవ్వాడు. కానీ మనిషి మంచివాడు, ఒక సాయంత్రం ఊరికే వచ్చి కూర్చున్నాడు. కుమ్మరి దగ్గర రెండు పెద్ద కుండలు తెప్పించి, వాటి మూతుల మీద స్పీకర్లు బోర్లించి, డిక్కీలో పాతచీర చుట్టలు వేసి వాటిలో ఆ కుండలను కూర్చోబెట్టాడు. పాట పెట్టగానే డోలు మన కడుపులోనే మోగినట్టు మోగింది. గల్లీ అంతా వచ్చి నిలబడింది. అవతలి బస్తీ కారులో టేపు చిలకలా అరిస్తే, మా కారు ఆంబోతులా రంకె వేసేది.

ఒకటే చిక్కు. యాంప్లిఫయర్ వెనక సీటు కింద ఉంది. దాని వైరు ఒకటి కారు రేకుకు ఆనాలి. రేకు తుప్పు పట్టి ఉంది కనుక, గుంతలో చక్రం పడ్డప్పుడల్లా వైరు జరిగి పాట ఆగిపోయేది. సీటు విప్పి, రేకు రుద్ది, గట్టిగా బిగించాలని, అప్పటిదాకా ఎవరో ఒకరు చేత్తో ఒత్తి పట్టుకోమని చెప్పి ఉస్తాద్ పోయాడు. బాపు రాయి పెట్టి చూశాడు, చెక్కముక్క దూర్చి చూశాడు. నాలుగు గజాలు పోగానే జారిపోయేవి. అప్పుడు నన్ను పిలిచాడు. నేను సన్నగా ఉండేదాన్ని, సీటు కింద నా చెయ్యి మోచేతి దాకా పోయేది. నేను బొటనవేలితో ఒత్తగానే పాట వచ్చింది. బాపు నా తల మీద చెయ్యి వేసి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"బిడ్డా, ఇది అందరి చేతికి పలకది. నీ చేతిల ఏందో ఉన్నది."

నేను నమ్మాను. ఎందుకు నమ్మను? అంతకుముందు నా గురించి ఎవరూ ఏమీ అనలేదు. బట్టలు ఉతుకు, తమ్ముణ్ని ఎత్తుకో, నీళ్లు పట్టు, ఇవే మాటలు. నా చేతిలో ఏదో ఉందని మొదటిసారి విన్నాను. ఆ పెళ్లిళ్ల కాలమంతా, ఆ తర్వాతి కాలమంతా నేనే పట్టుకున్నాను. ఊరేగింపు మెల్లగా కదులుతుంటే కింద రేకు కాలిపోయేది, వైరు వేడెక్కి వేలు బొబ్బలెక్కేది. అమ్మ వెన్న రాసి గుడ్డ కట్టేది. నేను మాత్రం ఆ గుడ్డను గల్లీలో పిల్లలకు చూపించి మురిసేదాన్ని. నేను లేకుంటే పెళ్లే ఆగిపోతుందని చెప్పేదాన్ని.

మా పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం కిరాయికి ఉండేది. వాళ్ల అమ్మాయి టీచరు చదువు చదువుతుండేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నేను బడికి పోనని తెలిసి ఆ అక్క ఒక బడిలో మాట్లాడింది. నా వయసుకు తగిన తరగతిలో వేసుకోరు, కింది తరగతిలో ఒక్క చోటు ఉంది, ఫలానా రోజు మధ్యాహ్నం లోపల పిల్లను తీసుకొస్తే పేరు రాసుకుంటామన్నారు. అక్క తన పాత గౌను ఒకటి నాకు సరిపోయేలా కుట్టింది. బాపు సరేనన్నాడు. ఎవరు అడిగినా సరే అనడం బాపుకు అలవాటు.

ఆ రోజు పొద్దున అక్క నా తల దువ్వి రెండు జడలు వేసింది. ఇంతలో బాపు వచ్చాడు. లాల్‌దర్వాజాలో పెళ్లి, వాళ్లు ముందు మాట్లాడుకున్న కారు చెడిపోయి మన దగ్గరికి పరుగెత్తుకొచ్చారట. ఊరేగింపు అయిపోగానే బడి దగ్గర దింపుతానన్నాడు. అమ్మ గాజుల పళ్లెం పక్కన పెట్టి లేచింది. బాపు ముందర అమ్మ అలా లేచి నిలబడి మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

"ఇయ్యాల ఒక్కనాడు గా పిల్లను ఇడిసిపెట్టరాదు?"

"ఎంతసేపు? గిట్ల పోయి గట్ల వస్తం. నీ బిడ్డ చెయ్యి లేకుంటే బండి పలుకుతదా?"

అక్క నావైపు చూసింది. తను బడి దగ్గర నిలబడి ఉంటానని, ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది. నేను అదే గౌనుతో కారు ఎక్కాను. నా చెయ్యి గురించి బాపు అన్న మాట విన్నప్పుడు నాకు లోపల గర్వంగానే ఉంది, అది కూడా చెప్పాలి.

ఊరేగింపు నత్తలా కదిలింది. మూల మూలకు ఆపి పెళ్లికొడుకు దోస్తులు డాన్సులు. బాపు ఒక్కొక్క పాటకు క్యాసెట్టు తిప్పుతున్నాడు. దుప్పటి కింద చెమటకు గౌను ఒంటికి అతుక్కుపోయింది. ఎక్కడున్నామో తెలియదు. కొంతసేపటికి బడి గంట వినిపించింది. ఏ బడిదో ఏమో. నాకు మాత్రం నన్ను పిలిచినట్టే అనిపించి, వైరు వదిలి దుప్పటి లోపలి నుంచి లేచాను. పాట ఠక్కున ఆగిపోయింది. డాన్సు చేసేవాళ్లు ఎత్తిన చేతులతో అలాగే నిలబడిపోయారు.

"అరె, నౌషా కాళ్లకాడ దయ్యమున్నదిరో" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు.

నౌషా అంటే పెళ్లికొడుకు, అతను నవ్వలేదు. అప్పుడే మొదటిసారి ఒక పెళ్లికొడుకు ముఖం చూశాను. బాసింగం కింద చిన్న వయసు ముఖం. ఏం చేస్తున్నావు పాపా అని అడిగాడు. సీటు కింద వైరు చూపించాను. అతను వంగి, అక్షింతలు అంటుకున్న వేలితో వైరును రేకుకు ఒత్తాడు.

పాట వచ్చింది.

"నేను పట్టినా పాడ్తది సూడు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, నన్ను నవ్వించడానికి. కానీ నాకు నవ్వు రాలేదు. అతని వేలు పెట్టినా అదే పాట, అదే డోలు, ఏమీ తక్కువ కాలేదు. బాపు వెనక్కి తిరిగి చూసి, ఇంకొంచెమే దూరం, కూర్చో అన్నాడు. కూర్చున్నాను. మళ్లీ ఒత్తి పట్టుకున్నాను. ఈసారి వేడి తెలిసింది.

షామియానా దగ్గర ఎదుర్కోళ్లు జరుగుతున్నాయి. ఉస్తాద్ కూడా ఆ పెళ్లికి చుట్టం లెక్కన పిలిచిన మనిషే. నేను కారు దిగి గౌను దులుపుకుంటుంటే చూశాడు. నా వేలు పట్టుకుని తిప్పి చూశాడు. తర్వాత బాపు వైపు తిరిగాడు.

"ఏంది భాయ్, సీటు ఇప్పి బిగించుమని నేను చెప్పి ఎన్నొద్దులాయె? గప్పటి సంది పోరితోని పట్టిపిస్తున్నవా?"

బాపు గొంతు పెంచలేదు. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"సీటు ఇప్పాల్నంటే బండి ఒక దినం నిలవడాలె గద ఉస్తాద్. పెండ్లిళ్లల్ల బండి ఎట్ల నిలవెడ్తం? పోరి ఎట్లన్న ఖాళీగనే ఉన్నది."

ఉస్తాద్ కారు వెనక్కి నడిచాడు. డిక్కీ తెరిచాడు. కుండల పక్కన, చీర చుట్టల మధ్య, మా బాపు పానా ఉంది. ఎప్పటి నుంచో అక్కడే ఉంది. ఉస్తాద్ సీటు లాగి పక్కన పెట్టాడు, అక్కడ పడి ఉన్న ఇటుక ముక్కతో రేకు మీది తుప్పు రుద్దాడు, సీటు బోల్టు కిందనే వైరు చుట్టి పానాతో బిగించాడు. లోపల మొదటి పంక్తి ఇంకా భోజనం చేస్తూనే ఉంది. వాళ్లు లేచి చేతులు కడుక్కునేలోపల పని అయిపోయింది. కారు ఎవరూ పట్టుకోకుండా పాడుతోంది. గుంత మీదికి తోసి చూశారు, అయినా పాడింది. బాపు చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు. నేను ఏడ్చాను. బడికి ఆలస్యమైందని ఏడుస్తున్నానని ఉస్తాద్ అనుకుని నన్ను వెంటనే తీసుకుపొమ్మని బాపుకు చెప్పాడు. నేను ఏడ్చింది దానికి కాదు. నేను లేకుండా అది పాడుతున్నందుకు.

ఆ రోజు నేను మొదటిసారి ముందు సీటులో కూర్చున్నాను. బడి మెట్ల మీద అక్క ఒక్కతే ఉంది. చోటు వేరే పిల్లకు పోయింది. తను ఎంతసేపు బతిమాలిందో అక్క చెప్పలేదు, గొంతు బొంగురుపోయి ఉంటే తెలిసింది. గేటు బయట మా కారు ఇంకా పాడుతూనే ఉంది. బాపు ఆపడం మరిచిపోయాడు. వచ్చే ఏడు చేరుద్దాంలే అన్నాడు. వచ్చే ఏటికి అక్క వాళ్లు వేరే ఊరు బదిలీ అయి పోయారు, అమ్మకు మళ్లీ నెలలు నిండాయి, గాజుల పళ్లెం నా ముందుకు వచ్చింది. ఆ కారు కిరాయిల మీదే మా తమ్ముడు చదువుకుని ఆఫీసులో కుర్చీ ఎక్కాడు. బాపు చెడ్డవాడు కాదని వాడు ఇప్పటికీ అంటాడు. నేనూ కాదనను. బాపు నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. నన్ను ఖాళీగా ఉన్నదానిలా చూశాడు, అంతే. కొట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నా చేతిలో ఏదో ఉందన్న మాట మాత్రం నాకు విషమైంది. ఆ తర్వాత నా పనితనాన్ని ఎవరు పొగిడినా, ఇక్కడ ఏ పానా కొరత పడింది, దాన్ని నా చేత ఎందుకు నింపుతున్నారు అనే వెతుక్కున్నాను. అత్తగారింట్లో నా చేతి వంట గొప్పదన్నారు. ఆ పొగడ్త కూడా నా కడుపులోకి దిగలేదు.

ఈ మధ్య మా కూతురి కొడుకు ఒక పాతకాలం కారు కొన్నాడు. దోస్తులతో కలిసి దానికి సౌండు పెట్టించాడు. మస్తు సస్తల, తక్కువ పైసలల్ల అయిపోయింది అమ్మమ్మా అని నన్ను కూర్చోబెట్టి వినిపించాడు. బాగుంది. నేను వెనక సీటు ఎత్తమన్నాను. వాడు నవ్వాడు గానీ ఎత్తాడు. మోకాళ్లు పట్టేసినా వంగి, చెయ్యి పోయినంత మేర తడిమి చూశాను. అన్నీ బోల్టులే, గట్టిగానే ఉన్నాయి. ఏం వెతుకుతున్నావని అడిగితే ఏమీ లేదన్నాను. తక్కువలో అయిపోయిందని ఎవరు చెప్పినా నాకు అదే అలవాటు. కింద ఎవరి చెయ్యి ఉందో చూడనిదే నమ్మను.

చదువు నాకు తల నెరిసే వయసులో వచ్చింది, బస్తీలో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో. మొదటిరోజు బలపం విరిచేశాను. రెండోదీ విరిగింది. అంత ఒత్తొద్దమ్మా, వదులుగా పట్టుకున్నా అక్షరం వస్తుంది అని అక్కడి టీచరమ్మ నా వేలు సర్దింది. వదులుగా పట్టుకోవడం నాకు ఇంకా రాలేదు. కాస్త సడలిస్తే ఏదో ఠక్కున ఆగిపోతుందని నా బొటనవేలికి ఇంకా భయం. ఇదంతా కూడా అలాగే ఒత్తి రాశాను. కాగితం తిప్పి తడిమితే వెనకవైపు కూడా అక్షరాలు చేతికి తగులుతాయి.